ఏజెన్సీలో గర్భిణుల మీద సమ్మర్ ప్రాజెక్టు: పది వారాల్లో పనికొచ్చేది ఏం చెయ్యొచ్చు?

బ్రాడీపేట_అమ్మాయి:

అందరికీ నమస్తే. మాది గుంటూరు. బీడీఎస్ అయ్యాక అమెరికాలో ఎంపీహెచ్‌లో (ప్రజారోగ్యంలో పీజీ) చేరాను, ఇది మొదటి సంవత్సరం. సమ్మర్‌లో పది వారాల ప్రాక్టికమ్ (ప్రాక్టికల్ ప్రాజెక్టు) తప్పనిసరి. మా బ్యాచ్‌లో సగం మంది మలావీ, టాంజానియా వెళ్తున్నారు. మా అడ్వైజర్ మాత్రం నీకు తెలిసిన రాష్ట్రం ఉండగా ఇంకెక్కడికో ఎందుకు అన్నారు. నాకూ నిజమే అనిపించి, పాడేరు వైపు గర్భిణుల మీద ఏదైనా చేద్దామనుకుంటున్నాను. వానాకాలం వస్తే చాలు, నిండు గర్భిణిని డోలీలో మోసుకొచ్చారని పేపర్లో చదువుతూ పెరిగినవాళ్లమే కదా అందరం.

ఆలోచన ఏంటంటే, కంప్యూటర్ సైన్స్ చదువుతున్న నా ఫ్రెండ్స్ ఇద్దరు ఆశా కార్యకర్తల కోసం యాప్ చేస్తామంటున్నారు. బీపీ, హిమోగ్లోబిన్, పాత కాన్పుల వివరాలు కొడితే హైరిస్క్ వాళ్లను ఎర్రరంగులో చూపిస్తుంది, 108కి మెసేజ్ వెళ్తుంది. యాప్ రాకముందు, వచ్చాక మాతృమరణాలు ఎంత తగ్గాయో నేను చూస్తానని డ్రాఫ్ట్‌లో రాశాను.

ఇది నిలబడుతుందా? పర్మిషన్ ఎవరి దగ్గర తీసుకోవాలి, మా యూనివర్సిటీ ఎథిక్స్ బోర్డు ఓకే అంటే సరిపోతుందా? ఇంకోటి, క్లాసులో చదివే పేపర్లన్నీ ఆఫ్రికావే, అవి మనకు ఎంతవరకు పనికొస్తాయి? తిట్టాలనుకుంటే తిట్టండి, కానీ ప్రపోజల్ పంపే లోపే తిట్టండి, ఇంకా టైముంది.

ఎస్పీఎం_పీజీ_వైజాగ్:

తిట్టను గానీ ముందు లెక్క చూద్దాం. 2018-20 ఎస్ఆర్ఎస్ (జనన మరణాల మీద కేంద్రం చేసే శాంపిల్ సర్వే) ప్రకారం లక్ష సజీవ జననాలకు మాతృమరణాలు ఏపీలో 45, తెలంగాణలో 43, దేశం మొత్తం మీద 97. అంటే ఏపీ సగటున రెండు వేల రెండు వందల కాన్పులకు ఒక మరణం. ఏడాదికి వంద కాన్పులు జరిగే పీహెచ్‌సీ తీసుకుంటే ఒక్క మరణం కనపడడానికి ఇరవై రెండేళ్లు పడుతుంది. ఏజెన్సీలో రేటు మూడింతలు అనుకున్నా ఏడేళ్లు. మీ చేతిలో ఉన్నది పది వారాలు. ఆ పది వారాల్లో ఎవరూ చనిపోకపోతే అది యాప్ గొప్పా? ఒకరు చనిపోతే యాప్ తప్పా? రెండూ కాదు. కాబట్టి మరణాల మాట డ్రాఫ్ట్‌లోంచి ఈ రోజే తీసెయ్యండి.

ఉత్తరప్రదేశ్‌లో బెటర్‌బర్త్ అని పెద్ద ట్రయల్ జరిగింది, 2017లో ఫలితాలొచ్చాయి. 120 ఆస్పత్రులు, లక్షన్నరకు పైగా తల్లులు, డబ్ల్యూహెచ్ఓ కాన్పు చెక్‌లిస్టు, నర్సుల పక్కనే ఉండి నేర్పించే కోచ్‌లు. నర్సుల పనితీరు బాగా మెరుగుపడింది, కానీ తల్లీబిడ్డల మరణాల్లో తేడా మాత్రం రాలేదు. అంత డబ్బు, అంతమంది మనుషులు ఉన్న ట్రయల్ సంగతే అది. స్టూడెంట్ ప్రాజెక్టులో మధ్యలో జరిగే పనిని కొలవాలి: ఎంతసేపట్లో వచ్చారు, ఏం దొరికింది, ఏది రాశారు, ఏది రాయలేదు.

మూడు ఆలస్యాల సంగతి మీ క్లాసులో చెప్పే ఉంటారు (థాడియస్, మెయిన్, 1994). ఆస్పత్రికి వెళ్దామని ఇంట్లో అనుకోవడంలో ఆలస్యం, దారిలో ఆలస్యం, చేరాక వైద్యం అందడంలో ఆలస్యం. ఎర్రరంగు యాప్ మహా అయితే మొదటిదాన్ని ముట్టుకుంటుంది. టవర్ లేని ఊళ్లో అదీ లేదు.

డేటా విషయంలో ఒక తిరకాసు. ఎన్ఎఫ్‌హెచ్ఎస్-5 (ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే) జరిగింది 2019-21లో, అప్పటికి ఏపీలో 13 జిల్లాలే. పాడేరు ఉన్న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్‌లో. ఫ్యాక్ట్‌షీట్‌లో మీకు దొరికేది పాత విశాఖపట్నం జిల్లా, అంటే వైజాగ్ నగరంలోని ఎంవీపీ కాలనీ, కొండల్లోని ముంచంగిపుట్టు కలిపిన సగటు. దాన్ని చూసి "పర్వాలేదే" అనుకుంటే మోసపోతారు. యూనిట్ స్థాయి డేటా (ఒక్కో కుటుంబం వివరాలు విడిగా ఉన్నది) అడిగి తీసుకుని ఎస్టీ కుటుంబాలను విడిగా చూస్తే కొంత నయం, అది అమెరికాలో కూర్చుని కూడా చెయ్యొచ్చు.

పర్మిషన్: మీ ఐఆర్‌బీ (యూనివర్సిటీ ఎథిక్స్ బోర్డు) ఒక్కటే చాలదు. ఇక్కడి సంస్థ ఎథిక్స్ కమిటీ, డీఎంహెచ్ఓ (జిల్లా వైద్యాధికారి), ఏజెన్సీ కాబట్టి ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) పీఓ, వీళ్లందరి దగ్గరా తీసుకోవాలి. అన్నిటికంటే పెద్దది, విదేశీ యూనివర్సిటీ భాగస్వామ్యంతోనో విదేశీ డబ్బుతోనో చేసే ఆరోగ్య పరిశోధనకు ఐసీఎంఆర్ (కేంద్ర వైద్య పరిశోధన మండలి) ద్వారా హెల్త్ మినిస్ట్రీ స్క్రీనింగ్ కమిటీ అనుమతి కావాలి. దానికి నెలలు పడుతుంది. ఈ సమ్మర్‌కి రాదనే అనుకోండి.

చేదుమాత్ర:

నేను తిడతాను. మీరు చేసే ప్రతి ప్రాజెక్టూ గిరిజనుల మీదే ఎందుకు? ఎన్ఎఫ్‌హెచ్ఎస్-5లో తెలంగాణలో సిజేరియన్లు 60.7 శాతం, దేశంలోనే ఎక్కువ. ప్రైవేటులో అయితే 80 దాటింది. అక్కరలేని కోత కూడా తల్లి ఆరోగ్యానికి ముప్పే కదా, దాని మీద సమ్మర్ ప్రాజెక్టు చెయ్యొచ్చుగా? చెయ్యరు. ఎందుకంటే హన్మకొండలోనో గుంటూరులోనో నర్సింగ్ హోమ్ ఓనర్ దగ్గరికి వెళ్లి కేస్‌షీట్లు చూపించమంటే గేటు దగ్గరే ఆపేస్తాడు. కొండ మీద ఆడమనిషి మిమ్మల్ని బయటికి పొమ్మనలేదు. ఫోటో దిగి, సర్వే చేసి, సీవీలో ఒక లైను రాసుకుని వెళ్లిపోతారు, ఆ ఊరివాళ్లకు రిపోర్టు కూడా చేరదు.

లేబర్‌రూమ్_నైట్‌డ్యూటీ:

పైన చేదుమాత్ర గారు అన్నదాంట్లో నిజం ఉంది. అయినా చదువుకునే పిల్ల ముందే వచ్చి అడిగింది, అదే నయం. నేను స్టాఫ్ నర్సుని, చాలా ఏళ్లుగా లేబర్ రూమే, మైదానంలో చేశాను, ఏజెన్సీలోనూ చేశాను.

అమ్మా, యాప్ అనగానే మా ఏఎన్ఎంలకు తలనొప్పి వస్తుంది. ఇప్పటికే ఒక గర్భిణి హిమోగ్లోబిన్ ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల కార్డు) మీద రాయాలి, ఆర్‌సీహెచ్ (తల్లీబిడ్డల ఆరోగ్యం) రిజిస్టర్‌లో రాయాలి, ట్యాబ్‌లో అన్‌మోల్ యాప్‌లో ఎక్కించాలి, పైనుంచి అడిగితే ఎక్సెల్‌లో మళ్లీ పంపాలి. సిగ్నల్ కోసం గట్టెక్కి నిలబడి అప్‌లోడ్ చేసేవాళ్లున్నారు. హైరిస్క్ ఎవరో ఆశాకి తెలుసు, కార్డు మీద ఎర్ర పెన్నుతో రాసే ఉంటుంది. తెలిశాక ఏం చెయ్యాలన్నదే టెన్షన్. బండి రావాలి, డాక్టర్ ఉండాలి, రక్తం దొరకాలి.

నువ్వు నిజంగా చూడదగ్గది ఒకటి చెప్తాను. ఏ ఆస్పత్రిలోనైనా కాన్పు కేస్‌షీట్లు తిరగెయ్యి, రక్తం ఎంత పోయింది అన్నచోట ఏముంటుందో చూడు. "నార్మల్" అని ఉంటుంది, లేదా షీటు తర్వాత షీటు 200 ఎంఎల్ అనే ఉంటుంది. అందరికీ ఒకే కొలత రక్తం పోతుందా? ఎవరూ కొలవరు, కొలిచే వీల్లేదు కూడా. టేబుల్ మీద రబ్బరు షీటు, కింద బకెట్, అందులో ఉమ్మనీరు కలిసిపోతుంది, కొంత గాజుగుడ్డల్లోకి పోతుంది, కొంత చీరకి అంటుతుంది. కంటితో చూసి అంచనా వేస్తాం, కంటి అంచనా ఎప్పుడూ తక్కువే ఉంటుంది. పదకొండు హిమోగ్లోబిన్ ఉన్న మనిషి అర లీటరు పోయినా లేచి కూర్చుని టీ తాగుతుంది, ఏడు ఉన్నామెకు అంతలో సగం పోయినా చెమటలు పట్టి నాడి అందదు. మన దగ్గర గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనతే, ఏపీ అయినా తెలంగాణ అయినా.

ఇంకోటి ఆక్సిటోసిన్, కాన్పయ్యాక రక్తస్రావం ఆపడానికి ఇచ్చే ఇంజెక్షన్. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల్లో ఉండాలి. రాత్రి కరెంటు పోతే? డెలివరీ ట్రేలో పొద్దుటి నుంచి బయటే పెట్టిన ఆంపూల్ సాయంత్రం వాడితే? ఫ్రిజ్‌లో ఒక చిన్న టెంపరేచర్ లాగర్ పెట్టి రెండు నెలలు చూస్తే చాలు, ఎవరినీ ఇంటర్వ్యూ చెయ్యక్కర్లేదు, ఏ తల్లినీ ఇబ్బంది పెట్టక్కర్లేదు. ఎవరి మీదా కంప్లయింట్‌లా కాకుండా చెయ్యాలి, అదొక్కటే జాగ్రత్త, లేకపోతే మా సిస్టర్ల మీద పడుతుంది.

బయోమెడ్_బెంగళూరు:

సిస్టర్ చెప్పిన రక్తం కొలతకే వస్తున్నా, "ఆఫ్రికా పేపర్లు" అన్న ప్రశ్నకి జవాబు కూడా ఇందులోనే ఉంది.

పక్క రాష్ట్రం బెళగావిలో జేఎన్ మెడికల్ కాలేజీ వాళ్లు అమెరికా వాళ్లతో కలిసి పల్లెల్లో ఒక ట్రయల్ చేశారు, 2006లో లాన్సెట్‌లో వచ్చింది. 1,620 మంది తల్లులు. కాన్పు చేసింది ఏఎన్ఎంలే, బిడ్డ పుట్టగానే రక్తస్రావం తగ్గించే మిసోప్రోస్టాల్ మాత్రలు ఇచ్చారు. ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవాళ్లలో 12 శాతం మందికి అధిక రక్తస్రావం అయితే మందు ఇచ్చినవాళ్లలో 6.4 శాతమే. సరే, మందు సంగతి అందరూ చెప్తారు. నాకు ముఖ్యం అనిపించింది వాళ్లు రక్తాన్ని కొలిచిన తీరు. తల్లి నడుము కింద పరిచే ప్లాస్టిక్ షీటు, చివర గరాటులాంటి సంచి, దాని మీద ఎంఎల్ గీతలు. అంతే. చిప్ లేదు, బ్యాటరీ లేదు, లాగిన్ లేదు.

అలాంటి గీతల సంచితోనే 2023లో ఈ-మోటివ్ ట్రయల్ వచ్చింది, కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో 80 ఆస్పత్రులు, రెండు లక్షలకు పైగా కాన్పులు. మామూలు పద్ధతిలో రక్తస్రావాన్ని 51 శాతం కేసుల్లోనే పట్టుకున్నారు, సంచి పెట్టినచోట 93 శాతం. పట్టుకున్న వెంటనే గర్భసంచి మసాజ్, ఆక్సిటోసిన్, రక్తం ఆగడానికి ఇచ్చే ట్రానెగ్జామిక్ యాసిడ్, సెలైన్, ఎక్కడ చిరిగిందో పరీక్ష, అన్నీ ఒకదాని కోసం ఇంకోటి ఆపకుండా ఒకేసారి. తీవ్ర రక్తస్రావం, దానికోసం పొట్ట కోయాల్సి రావడం, దానివల్ల మరణం, ఈ మూడూ కలిపి చూస్తే 4.3 శాతం ఉన్నది 1.6 అయింది. ఒక్క మాట, ఇందులో సంచి వాటా ఎంత, వెంటనే చేసిన వైద్యం వాటా ఎంత అని విడదీసి చెప్పలేం, అందుకే సంచి కొనిచ్చేసి వచ్చేస్తే పని అయిపోయిందనుకోవద్దు.

యాప్ చేస్తామన్న మీ ఫ్రెండ్స్‌ని ముందు ఒక లేబర్ రూమ్‌లో వారం కూర్చోమనండి, ఏం చెయ్యాలో వాళ్లకే తెలుస్తుంది. బహుశా కోడ్ అక్కర్లేదని తెలుస్తుంది, అది వాళ్లకు నచ్చకపోవచ్చు.

కొండదారి:

మాది ముంచంగిపుట్టు పక్క ఊరు. డిగ్రీ అయింది, ఇప్పుడు పాడేరులో ఉంటున్నా. పైన అందరూ ఆస్పత్రి లోపలి సంగతి మాట్లాడుతున్నారు, నేను ఆస్పత్రికి రాకముందు సంగతి చెప్తాను.

గర్భిణుల వసతి గృహాలున్నాయి, తెలుసా? బర్త్ వెయిటింగ్ హోమ్ అంటారు. సాలూరులో ఉంది, మా వైపూ ఉన్నాయి. నెలలు నిండేసరికి కొండ మీద నుంచి దింపి ఆస్పత్రి దగ్గర ఉంచుతారు, అన్నం పెడతారు, నర్సు చూస్తుంది. డోలీకి జవాబు అదే. మంచి ఆలోచన, నేను కాదనను. కానీ మా వదిన అక్కడ ఉండలేక ఇంటికొచ్చేసింది, ఇంట్లోనే కాన్పయింది. ఎందుకొచ్చేసిందో అడిగిన ఆఫీసరు ఎవరూ లేరు, "అవగాహన లేదు" అని రాసేసుకుంటారు.

చెప్పనా ఎందుకో. ఇద్దరు చిన్నపిల్లలు ఇంటి దగ్గర, అన్నయ్య పొద్దున్నే పొలానికి పోతే వాళ్లకు గంజి కాచేవాళ్లు లేరు. తోడుగా అత్తను తీసుకెళ్తే రాగి చేను కలుపు తియ్యడానికి ఇంకో మనిషి తగ్గినట్టే. ఇవన్నీ ఒక పదిహేను రోజులైతే ఎలాగో సర్దుకునేవాళ్లు. ఆమెకు చివరి నెలసరి ఎప్పుడు వచ్చిందో తేదీ తెలియదు, సంతకు వెళ్లిన వారం తర్వాత అనో, పండగ ముందు అనో చెప్పింది, దాన్ని బట్టి వాళ్లు కాన్పు తేదీ వేశారు. ఆ తేదీ వచ్చింది, పోయింది, నొప్పులు లేవు. ఇంకో వారం, ఇంకో వారం. నెల దాటాక ఎవరుంటారు చెప్పండి? మొదటి మూడు నెలల్లో స్కానింగ్ తీసి ఉంటే తేదీ సరిగ్గా తెలిసేది, కానీ స్కానింగ్‌కి కిందికి రావాలంటే ఒక రోజు కూలి, జీపు చార్జీ.

భాష కూడా. మీకు తెలుగు వచ్చు, మా అమ్మమ్మకి రాదు. మా వైపు ఇంట్లో కువి మాట్లాడేవాళ్లున్నారు, సంతలో ఆదివాసీ ఒడియా. తెలుగులో అడిగితే ఆడవాళ్లు అన్నిటికీ తలూపుతారు, మీ సర్వే ఫారంలో అంతా "అవును" అని వస్తుంది. ఊరివాళ్లనే పెట్టుకోండి, డబ్బులిచ్చి పెట్టుకోండి.

చేదుమాత్ర:

ఇదిగో ఈ పోస్టు చదివాక నేను కొంచెం తగ్గుతున్నా. ఎవరైనా పరిశోధన చేస్తే ఈ కాన్పు తేదీ మీద చెయ్యండి.

బ్రాడీపేట_అమ్మాయి:

అందరికీ థాంక్స్, ముఖ్యంగా కొండదారి అన్నకి. యాప్ వదిలేస్తున్నాను. ఫ్రెండ్స్‌కి ఈ చర్చ లింకు పంపాను, ఒకడు అలిగాడు, పర్లేదు.

ఇప్పుడు నా ప్రశ్న ఇలా మారింది: వసతి గృహంలో చేరిన వాళ్లలో కాన్పు కాకముందే వెళ్లిపోయినవాళ్లు ఎంతమంది, ఎన్ని రోజులు ఉండి వెళ్లారు, వాళ్లలో మొదటి మూడు నెలల స్కానింగ్ ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ తేడా ఉందా. వెతికితే క్యూబాలో 1960ల నుంచే ఇలాంటి ఇళ్లున్నాయని, ఇథియోపియాలో చాలా చోట్ల పెట్టారని తెలిసింది, అక్కడ కూడా ఇంట్లో పిల్లలను చూసుకునేవాళ్లు లేకపోవడం, తిండి, తోడు మనిషి, ఇవే సమస్యలు. కాబట్టి ఆఫ్రికా పేపర్లు పనికొస్తాయి, నేను వేరేవి చదువుతున్నాను అంతే.

ఎస్పీఎం గారూ, స్క్రీనింగ్ కమిటీ అనుమతికి నెలలు పడితే ఈ సమ్మర్ ఖాళీయేనా? ఇక్కడి కాలేజీ వాళ్లు ఎవరైనా సొంతంగా చేస్తే నేను ఏ మేరకు చెయ్యి వెయ్యొచ్చు?

ఎస్పీఎం_పీజీ_వైజాగ్:

ఖాళీ కాదు. ప్రశ్న ఇప్పుడు స్టూడెంట్ సైజులో ఉంది. ఇక్కడ ఎవరైనా ఎంబీబీఎస్ స్టూడెంట్ ఐసీఎంఆర్ ఎస్‌టీఎస్ (స్టూడెంట్లకు చిన్న పరిశోధన స్కీము) కింద ఇదే ప్రశ్నకు ప్రపోజల్ పెట్టుకోవచ్చు, అది రెండు నెలల పనే, గైడ్ కమ్యూనిటీ మెడిసిన్ ప్రొఫెసర్ ఉంటారు. పాడేరులో ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీ కూడా ఉంది, ముందు అక్కడ అడగండి. మీరు ఈ సమ్మర్‌లో రెండు పనులు చెయ్యండి: ఎన్ఎఫ్‌హెచ్ఎస్ డేటాలో ఎస్టీ తల్లుల మీద విశ్లేషణ, వసతి గృహాల మీద ఉన్న పేపర్ల సమీక్ష. ఈ రెండింటికీ పేషెంట్ల దగ్గరికి వెళ్లక్కర్లేదు, మీ ప్రాక్టికమ్ గంటలూ లెక్కకొస్తాయి. పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న రిజిస్టర్ కాపీ మాత్రం వాట్సాప్‌లో కూడా మీ దగ్గరికి రాకూడదు, "చూసి డిలీట్ చేస్తా" అన్నా సరే. జాయింట్‌గా చెయ్యాలనుకుంటే కమిటీ ఫైలు ఇప్పుడే మొదలుపెట్టండి, వచ్చే ఏడాదికి వస్తుంది. పేపర్లో పేర్ల వరస కూడా ముందే రాసుకోండి, కొండదారి లాంటివాళ్లు పని చేస్తే వాళ్ల పేరు థాంక్స్‌లో కాదు, పైన ఉండాలి.

లేబర్‌రూమ్_నైట్‌డ్యూటీ:

రిజిస్టర్ చూసేవాళ్లకు ఒక మాట. "కాన్పు కాకుండా వెళ్లిపోయింది" అని చాలా చోట్ల రాయరు, పేరు పక్కన తేదీ వేసి గీత కొట్టేస్తారు. వసతి గృహం రిజిస్టర్‌లో వెళ్లిన తేదీ, ఆర్‌సీహెచ్‌లో కాన్పు తేదీ, ఎక్కడ కాన్పయిందన్నది, ఈ మూడూ ఆర్‌సీహెచ్ ఐడీతో కలిపి చూస్తే గానీ తెలియదు. ఆ ఐడీ ఎంసీపీ కార్డు మీద ఉంటుంది. పేరుతో వెతకొద్దు, ఒకే ఊళ్లో ఒకే పేరు నలుగురికి ఉంటుంది. ఏఎన్ఎంని పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యండి, నెలాఖరు రిపోర్టుల వారంలో మాత్రం వెళ్లకండి.